చెక్క బెంచీ మీద మేకు

"ఇంకో గంటలో పిలుస్తాం మేడమ్, ఇక్కడే ఉండండి, ఎక్కడికీ వెళ్ళకండి" అని చెప్పి, చెవికి తగిలించుకున్న యంత్రంలో మరెవరితోనో మాట్లాడుకుంటూ క్లబ్బు తాలూకు ఆ అమ్మాయి మెకెన్నా వెళ్ళిపోయిన తరువాత, బెర్నడిన్ గురాల్ తోలు సంచీని ఒడిలోకి తీసుకుని, మోకాళ్ళు రెండూ దగ్గరకు చేర్చి, పూజ మొదలవడానికి ముందు చర్చిలో కూర్చున్నట్టుగా కూర్చుంది. మైదానం పక్కనున్న పెద్ద హాలంతా గోధుమ, నీలం రంగుల చొక్కాలతో నిండి ఉంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా మామీ నది మీదుగా వచ్చే ఏప్రిల్ గాలి సాసేజీల వాసనను ఒక మూల నుంచి మరో మూలకు మోసుకుపోతోంది. ఎదుట వేదిక, వేదిక మీద మైకు, దాని వెనక గోడంత తెర. తెర మీద ఒక్కొక్క జట్టు పేరూ, ఆ జట్టు ఎంచుకున్న కాలేజీ కుర్రవాడి ముఖమూ వచ్చి పోతున్నాయి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే, ఏటా వసంతంలో మూడు రోజుల పాటు సాగే ఈ డ్రాఫ్ట్ అనే తంతులో ఆమెకు నచ్చేది ఒకటే. కిందటేడు అందరికన్నా ఎక్కువగా ఓడిన జట్టుకు మొదటి వంతు ఇస్తారు. ఓడినవాడికి ముందుగా వడ్డించే పంక్తి లోకంలో ఇదొక్కటే కాబోలు అని ఆమె చాలాసార్లు అనుకుంది. ఆ లెక్కన టొలీడో స్టీమర్స్ జట్టు చాలా ఏళ్ళుగా పంక్తిలో మొదటి విస్తరి ముందే కూర్చుంటోంది, ఆకలితోనే లేస్తోంది.

ఇవాళ మూడో రోజు. పెద్ద పేర్లన్నీ అయిపోయాయి. ఇక మిగిలినవి కన్నతల్లికీ, కాలేజీ కోచ్‌కీ తప్ప ఎవరికీ తెలియని పేర్లు. అందుకే వాటిని చదివే పనిని పెద్దమనుషులు అభిమానులకు వదిలేశారు. ఏటేటా సీజను టికెట్టు కొనేవాళ్ళలో అందరికన్నా పాత టికెట్టుదారు ఎవరో చూసి, వారిచేత ఒక పేరు చదివించడం ఇక్కడి ఆచారం. ఈ ఏడు ఆ పాత టికెట్టుదారు బెర్నడిన్ గురాల్ అని క్లబ్బు తేల్చింది. అది తప్పు. ఆ తప్పు ఆమె పక్క కుర్చీలోనే కూర్చుని, వేరుశనక్కాయలు ఒలిచి, తొక్కల్ని ఒక్కటి కూడా కింద పడనివ్వకుండా కాగితం గ్లాసులో వేస్తోంది. ఆమెకన్నా ముందునుంచీ టికెట్టు కొంటున్న మనిషి, ఊదారంగు టోపీ, గోధుమరంగు ఉన్ని కోటు. ఒడెస్సా టిబ్స్.

"గురువారం నాడు ఆ టెక్సస్ క్వార్టర్‌బ్యాక్‌ని చేతికి అందినవాణ్ణి వదిలేసి ఆ లావుపాటి పిల్లాణ్ణి తీసుకున్నారు చూడు, అప్పట్నుంచీ నాకు తిన్నది ఒంటబట్టడం లేదు" అని వెనక వరుసలోంచి గొంతు. స్టాన్ విటుల్స్కి, గాజు ఫ్యాక్టరీలో పనిచేసి దిగిపోయినవాడు, మైదానంలో బెర్నడిన్ వాళ్ళ వరుసకు వెనక వరుసలో పాతికేళ్ళుగా కూర్చుని ఆమె టోపీ మీద బీరు చుక్కలు రాల్చినవాడు. "బంతి విసిరేవాడు లేకపోతే అదేం జట్టు? తలకాయ లేని మొండెం."

ఒడెస్సా తల తిప్పలేదు. "విసిరేవాడి ముందు అడ్డంగా నిలబడే మనుషుల గోడ లేకపోతే వాడెంత మొనగాడైనా మట్టి కరవాల్సిందే స్టాన్. ఇప్పటికి ఎంతమందిని తెచ్చారు, ఎంతమందిని కుంటివాళ్ళను చేసి పంపారు? ఆ టెక్సస్ పిల్లాడి తల్లి నీకేం అన్యాయం చేసింది?"

"గోడ, గోడ. నువ్వు ముప్పై ఏళ్ళుగా గోడే కట్టిస్తున్నావు. ఇంటికి తలుపుండక్కర్లేదా?"

"తలుపు గాల్లో బిగిస్తావా?"

అవతలి కుర్చీలోంచి డ్యూయీ మార్కెట్టి పెద్దగా నవ్వాడు. పైపుల పనివాడు, నలభై దాటలేదు. అతని చొక్కా వీపు మీద పేరుండవలసిన చోట నల్ల టేపు అంటించి ఉంది. మొదట ఒక క్వార్టర్‌బ్యాక్ పేరు కొన్నాడు. వాడు జట్టు వదిలి పోయాక టేపు అంటించి, తెల్ల రంగుతో రెండోవాడి పేరు రాశాడు. వాడూ పోయాక ఇంకో టేపు. ఇప్పుడు ఆ చోటు చెయ్యి పెడితే తగిలేంత మందంగా ఉంది. కొత్త చొక్కా కొనుక్కోవయ్యా అంటే, పునర్నిర్మాణమంటే ఇదే మిస్ బెర్నడిన్, పాతదాన్ని పారేయకూడదు, పైన అంటించుకుంటూ పోవాలి అంటాడు. ఈ టేపుల కింద ఎవరెవరున్నారో అతనికైనా గుర్తుందా, లేక వేలితో తడిమి చెప్పాలా అనిపించిందామెకు. పేరు మీద పేరు అంటిస్తే కింది పేరు లేనట్టేనా?

న్యాయస్థానంలో స్టెనోగా ఆమె గడిపిన కాలమంతా ఇతరుల మాటలే. సాక్షి చెప్పింది చెప్పినట్టుగా, లాయరు దగ్గింది కూడా దగ్గినట్టుగా, వేళ్ళు వాటంతట అవే కదిలేవి. నోరు మాత్రం కదలకూడదు. అబద్ధం చెబుతున్నాడని ముఖం చూస్తే తెలిసిపోయినా కదలకూడదు. అలవాటు పోలేదు, ఇప్పుడు కూడా వెనకవాళ్ళ వాదన వింటూ ఒడిలోని సంచీ మీద ఆమె వేళ్ళు సన్నగా ఆడుతున్నాయి. విటుల్స్కి: తలకాయ లేని మొండెం. టిబ్స్: తలుపు గాల్లో బిగిస్తావా. ఆ గదిలో ఒక నియమముండేది. పలికినదే ఉన్నది. మనసులో అనుకున్నది, కనుసైగతో చెప్పినది, అందరికీ తెలిసినా ఎవరూ నోరు విప్పి అననిది, ఏదీ రికార్డులోకి ఎక్కదు. ఒక్కసారి పైకి పలికితే ఇక జడ్జి కూడా దాన్ని చెరిపించలేడు, పట్టించుకోవద్దనగలడు, అంతే.

"కొత్త కోచ్ ఏం చేశాడో విన్నావా" అంటున్నాడు స్టాన్. "సాధన చొక్కాల మీద పేర్లన్నీ పీకించేశాడట. కొత్త ఫాదర్ వచ్చిన మొదటి వారం కొవ్వొత్తుల బల్ల ఆ పక్కనుంచి ఈ పక్కకు జరిపిస్తాడు చూడు, అదీ సంగతి. ఏదో ఒకటి జరపకపోతే వచ్చినట్టు తెలియదుగా."

"పేర్లుంటే ఎవడికి వాడు హీరోననుకుంటాడట" అన్నాడు డ్యూయీ. "అందరూ సమానమని తెలియాలట. నాకైతే బాగానే ఉంది. చిన్న కాలేజీలో అలాగే చేసి గెలిపించుకొచ్చాడు. ఓపిక పట్టాలి స్టాన్, మూడేళ్ళు."

"మూడేళ్ళు. నాకు మూడేళ్ళిచ్చిన డాక్టరు ఎవడైనా ఉంటే చూపించు."

"పేరు పీకితే సమానమైపోతారా?" అంది ఒడెస్సా శనగ్గింజ నోట్లో వేసుకుంటూ. "పేరున్నవాడికి పీకినా పేరుంటుంది. గోడలో ఇటుకలాంటివాడికి ముందే లేదు. వాడు బంతి ముట్టుకోడు, వాడి సంగతి టీవీలో చెప్పరు. వాడు తప్పు చేసిన రోజున మాత్రం మీ అందరికీ వాడి పేరు నోటికొస్తుంది."

ఈ మాట ఒడెస్సా వేరే ఏదీ మనసులో పెట్టుకుని అనలేదని బెర్నడిన్‌కు తెలుసు. ముప్పై ఏళ్ళుగా అదే మాట అంటోంది. అయినా వేళ్ళు ఆగిపోయాయి. పేరు పీకడం. నిన్న మొన్న కాదు, ఒడెస్సా భర్త క్లారెన్స్ చనిపోయిన ఏడాది. టికెట్లు భర్త పేరున ఉండేవి. అతను పోయాక ఒడెస్సా మరణ ధ్రువపత్రం పట్టుకుని వెళ్ళి తన పేరున మార్పించుకుంది; మార్చినవారు పాత ఖాతా మూసి కొత్త ఖాతా తెరిచారు. అంతే. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు. నిన్నటిదాకా మంచు తుఫానుల్లో, ఓటముల్లో, ఖాళీ మైదానంలో చేతులు రుద్దుకుంటూ కూర్చున్న మనిషి మరునాటికి కొత్తగా చేరిన సభ్యురాలు అయిపోయింది. బెర్నడిన్ తండ్రి మాత్రం బతికుండగానే తన పేరు పక్కన కూతురి పేరు చేర్పించాడు, పెళ్ళి చేసుకోని పిల్లకు ఆటైనా మిగలాలని. కనుక ఆమె తేదీ చెక్కుచెదరలేదు. విధవకు లెక్క మొదటినుంచి మొదలు, కన్యకు మాత్రం నడుస్తున్న లెక్కే. చిన్నప్పుడు బడిలో లెక్కలు చెప్పిన సిస్టర్ లుడ్మిలా ఉంటే ఏమనేదో. నల్లని అంగీ చేతుల్లోంచి సుద్దముక్క తీసి, బోర్డు మీద తప్పు లెక్క పక్కన అడ్డగీత గీసి, "తప్పును చూసి మాట్లాడకుండా కూర్చున్న అమ్మాయి ఎవరు?" అని అడిగేది. చేసిన అమ్మాయిని కాదు, చూసి కూర్చున్న అమ్మాయిని.

తాను అలా చూసి కూర్చోలేదు. పోయిన నెలలో క్లబ్బు ఆఫీసుకు వెళ్ళి, గాజు బల్ల అవతలి యువకుడికి విడమరచి చెప్పింది. అతను మర్యాదస్థుడే, నీళ్ళు కూడా ఇచ్చాడు. "మా దగ్గర ఇలాగే కనబడుతోంది మేడమ్. పాత ఖాతా వేరు, కొత్త ఖాతా వేరు. ఆవిడ ముందునుంచీ ఉన్నారనడానికి ఏమైనా ఆధారముందా?" నేనే ఆధారం అంది. అతను నవ్వాడు, ఎగతాళిగా కాదు, ముసలివాళ్ళను చూసి జాలిగా నవ్వే నవ్వు. "మీకు ఇష్టం లేకపోతే తరువాతివారిని పిలుస్తాం. తరువాతివారు మాత్రం మిసెస్ టిబ్స్ కాదు." ఆ నీళ్ళు ఆమె తాగలేదు.

ఆధారం. ఆ మాట ఒడెస్సా, క్లారెన్స్ ఎన్నిసార్లు విని ఉంటారు. పాత మైదానంలో, చెక్క బెంచీల కాలంలో, ఆ వరుసలో నల్లవాళ్ళు వాళ్ళిద్దరే. ప్రతి ఆటకూ ఎవరో ఒకరు వంగి, నవ్వు ముఖంతోనే, మీ సీటు సరిగ్గా చూసుకున్నారా అనేవారు. క్లారెన్స్ కోటు లోపలి జేబులోంచి టికెట్టు తీసి, అడిగినవాడి ముక్కుకు అందేంత దగ్గరగా పట్టుకుని, వాడు చదవడం పూర్తయ్యేదాకా ఓపికగా పట్టుకుని, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకునేవాడు. ఆ చెయ్యి ఆమెకు ఇప్పటికీ కనబడుతుంది. ఊలు తొడుగు లేని చెయ్యి, చలికి బూడిదరంగు తిరిగిన కణుపులు. కానీ అదంతా తరువాతి సంగతి. మొదటి రోజు, తాను ఇరవై ఏళ్ళ పిల్ల, నిలబడి చూసే చివరి గట్టు మీదినుంచి బెంచీ సీట్లకు ఎదిగామన్న గర్వంతో నాన్న వెనకే నడుస్తోంది. వరుసలో అప్పటికే ఇద్దరు కూర్చుని ఉన్నారు. నాన్న ఆగాడు. ఒక్క క్షణమే, అయినా ఆగాడు, ఆ ఆగడం ఆమెకు తెలుసు. క్లారెన్స్ మోకాళ్ళు పక్కకు జరిపి దారి ఇచ్చాడు. ఆమె కూర్చోబోతుంటే ఒడెస్సా చెయ్యి అడ్డంపెట్టింది. "చూసి కూర్చో పిల్లా, అక్కడ మేకుంది. పోయిన ఏడాది నా కోటు చింపింది." బెంచీ అంచున, పలక కిందికి వంగిన చోట, తల పోయిన మేకు. చూస్తే కనబడదు, వేలితో తడమాలి. ఆ వరుసవాళ్ళు తప్ప దాని సంగతి ఎవరికీ తెలియదు. పోయిన ఏడాది, అంది. తాను రాకముందు ఏడాది. ఇంతకన్నా ఆధారమేం కావాలి? ఆ బెంచీలు కొట్టేసి కట్టెలు చేసి, నది గాలికి ఎదురుగా ఈ కొత్త మైదానం కట్టారు. ఆధారం పొయ్యిలో పడింది.

ఒడెస్సాకు చెబితే ఏమంది? పేరు చదివే గౌరవం తనకొచ్చిందని, అది నీదని చెప్పినప్పుడు, ఒడెస్సా సిటీ బస్సు నడిపిన నాటి చూపుతో, అంటే అద్దంలో వెనక సీటు వాణ్ణి చూసే చూపుతో చూసి, "వదిలేయ్ బెర్నీ. నా లెక్క దేవుడి దగ్గర సరిగ్గానే ఉందిలే. నువ్వెళ్ళి చదువు, నేను పక్కన కూర్చుని శనక్కాయలు తింటా" అంది. బెర్నడిన్ వదిలేద్దామనే అనుకుంది. ఎందుకంటే చదివేవారికి నియమాలున్నాయి. మెకెన్నా రెండుసార్లు అప్పజెప్పించుకుంది. వేదిక ఎక్కాలి, చీటీలో ఉన్నది చదవాలి, నవ్వాలి, దిగాలి. ఇంకో మాట వద్దు. నియమాన్ని దాటడం ఆమె ఎరగదు. కళ్ళద్దాలు మరిచిపోయానని చెప్పి, చదివిపెట్టమని ఒడెస్సాను పైకి పిలవవచ్చుననే ఉపాయం తట్టింది రాత్రి. కానీ కళ్ళద్దాలు సంచీలో ఉన్నాయి. చిన్న అబద్ధమే, అయితే అబద్ధంతో తెచ్చిన న్యాయాన్ని ఒడెస్సా చేతిలో ఎలా పెట్టడం? అది కూడా టేపు అంటించడమే. పైగా అప్పుడు ఒడెస్సా గుడ్డిదానికి సాయం చేసిన పొరుగుమనిషి అవుతుంది, అంతేగాని తన పేరున ఏదీ చదివినట్టు కాదు.

హాలు వేడెక్కింది. మనుషులు కోట్లు విప్పి కుర్చీల వీపులకు వేలాడదీశారు. స్టాన్ నుదురు తుడుచుకుంటున్నాడు. ఒడెస్సా మాత్రం విప్పలేదు. "కాస్త ఆ కోటు తీయరాదూ, చూస్తుంటే నాకే చెమట పడుతోంది" అన్నాడతను. "నీ పని నువ్వు చూసుకో, నీ క్వార్టర్‌బ్యాక్‌ని తలుచుకుని ఏడువు" అంది ఒడెస్సా. అప్పుడు చూసింది బెర్నడిన్. ఇంతసేపూ పక్కనే ఉన్నా చూడలేదు. ఇది ఒడెస్సా రోజూ వేసుకునే కోటు కాదు. అంచు దగ్గర, ఎడమవైపు, జానెడు మేర వేరే రంగు దారంతో చేసిన రఫూ. గోధుమరంగుకు దగ్గరగా ఉన్న రంగే, అయినా అదే రంగు కాదు. క్లారెన్స్ వెతికి తెచ్చిన దారం, సరిపోలేదని ఒడెస్సా ఏళ్ళ తరబడి దెప్పిన దారం. మేకు చింపిన చోటు. ఎన్ని ఇళ్ళు మారింది, ఎన్ని బట్టలు చర్చికి ఇచ్చేసింది, ఈ కోటు ఉంచుకుంది. ఇవాళ తీసి వేసుకొచ్చింది, ఈస్టరుకు పెట్టుకునే టోపీతో. దేవుడి దగ్గర లెక్క సరిగ్గా ఉందన్న మనిషి, ఏప్రిల్ నెలలో, చెమటలు కక్కుతూ, మాట మాత్రం అనకుండా, ఆధారాన్ని ఒంటి మీద వేసుకొచ్చి కూర్చుంది. ఎవరు చూస్తారని? చూసినా చదవగలిగినవాళ్ళు ఈ హాలులో ఒక్కరే ఉన్నారు.

తెర మీద స్టీమర్స్ గుర్తు వచ్చింది. ఈలలు, పాదాల చప్పుడు. "వీడైనా విసిరేవాడై ఉండాలి, తల్లీ మరియమ్మా" అని స్టాన్ గొణుగుతున్నాడు. "కోచ్‌ని నమ్మవయ్యా" అంటున్నాడు డ్యూయీ. మెకెన్నా వంగి, "రండి మేడమ్, టైమయింది" అని మోచెయ్యి పట్టుకుంది. బెర్నడిన్ సంచీని కుర్చీలో పెట్టి, కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, లేచింది. వేదిక మెట్లు ఎక్కుతుంటే మోకాలు ఎప్పటిలాగే పలికింది. చేతిలో చీటీ పెట్టారు. చదివింది, లోలోపల, ఒక్కసారి. తరువాత దాన్ని మడిచి, మైకు తన ఎత్తుకు వంచుకుంది.

"నా పేరు బెర్నడిన్ గురాల్. ఈ పేరు చదవవలసింది నేను కాదు. మొదటి వరుసలో ఊదారంగు టోపీతో కూర్చున్న ఆవిడ పేరు ఒడెస్సా టిబ్స్. నేను ఈ జట్టు ఆటకు బెంచీ టికెట్టుతో వచ్చిన మొదటి రోజునాటికే ఆవిడ, ఆవిడ భర్త క్లారెన్స్ టిబ్స్ ఆ బెంచీ మీద ఉన్నారు. బెంచీకి మేకుందని నాకు చెప్పింది ఆవిడే. ఆ మేకు చింపిన కోటు ఇప్పుడు ఆవిడ ఒంటి మీద ఉంది. దీనికి నేను సాక్షిని."

మెకెన్నా పెదవులు మాత్రమే కదిలిస్తూ, "మేడమ్, ఇది టీవీలో వెళ్ళిపోతోంది" అంది.

"వెళ్ళనీ అమ్మా. అందుకే చెబుతున్నాను. ఆవిడకు దారి ఇప్పించు."

ఒడెస్సా కదల్లేదు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, "బెర్నీ, దిగు. పదిమందిలో నా పరువు తీస్తున్నావు" అంది.

"తీసింది నేను కాదు. లే."

వెనక వరుసలోంచి మొదట లేచింది స్టాన్ విటుల్స్కి. ముందుకొచ్చి, కాళ్ళకు అడ్డంగా ఉన్న కుర్చీని పక్కకు లాగి, "పద ఒడెస్సా. కానీ మళ్ళీ నీ గోడలో నిలబడే గార్డయితే మాత్రం పూచీ నీదే" అన్నాడు. ఆ వరుసలో కూర్చున్నవాళ్ళందరూ, ఎవరూ చెప్పకుండానే, మోకాళ్ళు పక్కకు జరిపారు. ఒడెస్సా గ్లాసును స్టాన్ చేతిలో పెట్టింది. టోపీ సర్దుకుంది. మెట్ల దగ్గర బెర్నడిన్ ఎదురొచ్చి చీటీ ఇచ్చినప్పుడు ఒడెస్సా ఆమె ముఖం చూడలేదు, వేళ్ళు మాత్రం ఒక్కసారి గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడులో కోపమెంతో మరొకటెంతో విడదీయడం బెర్నడిన్ వల్ల కాలేదు.

ఒడెస్సా చీటీని చేయి చాపినంత దూరంలో పట్టుకుని, బస్సులో రాబోయే స్టాపు పేరు చెప్పే గొంతుతో, తొందర లేకుండా, ఒక్కొక్క మాటా విడిగా చదివింది. "టొలీడో స్టీమర్స్ ఎంచుకున్నది, ఎమెట్ స్లాడెక్. గార్డ్. నెబ్రాస్కా." హాలంతా ఒక్కసారి నీరుగారిన చప్పుడు. ఎవరో వెక్కిరింతగా మూలిగారు. ఒడెస్సా వెనక సీటు వాణ్ణి చూసే చూపుతో ఆ మూలుగు వచ్చిన వైపు చూసింది, మూలుగు ఆగేదాకా చూసింది. తరువాత చీటీకేసి వంగి, ఆ పేరును ఇంకోసారి చదివింది, ఎవరికీ వినబడలేదనడానికి వీల్లేకుండా.

సోమవారం ఆఫీసులో ఆ తేదీ మారుతుందో లేదో బెర్నడిన్‌కు తెలియదు. ఆ యువకుడు మళ్ళీ నీళ్ళిస్తాడేమో. పలికినదైతే పలికినదే, ఇక ఎవరైనా పట్టించుకోవద్దనగలరు, చెరపలేరు. వెనక డ్యూయీ, గోడకు ఇంకో ఇటుక పడింది కదయ్యా అంటున్నాడు. స్టాన్ శనక్కాయల గ్లాసును రెండు చేతులా పట్టుకుని, గోడ సరే, తలుపెప్పుడు అంటున్నాడు, గొంతులో మునుపటి మంట లేదు. ఆమె తన కుర్చీ దగ్గరకు వచ్చి, సంచీ తీసి, కూర్చోబోతూ ఆగింది. కుడిచెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి, ఆ నున్నటి ప్లాస్టిక్ అంచును, ఒక చివర నుంచి మరో చివర దాకా, వేళ్ళతో తడిమింది. తరువాత పక్కకు వంగి, ఒడెస్సా కుర్చీ అంచును కూడా తడిమి, కూర్చుంది.